పాత చొక్కా అమ్ముతున్నారు సరే, పాత టికెట్ ఏది? మేజర్ లీగ్ బేస్‌బాల్ పెద్దలకు బహిరంగ లేఖ

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ గారికి, ముప్పై జట్ల యజమానులకు, ఆ జట్లలో టికెట్లూ సరుకులూ చూసే అధికారులకు,

నమస్కారం.

1990 జులై 11న షికాగో వైట్ సాక్స్ జట్టు పాత కమిస్కీ పార్కులో 1917 నాటి యూనిఫాం వేసుకుని మిల్వాకీ బ్రూవర్స్‌తో ఆడింది. మీరు ఇప్పుడు ఏటా రకరకాలుగా అమ్ముతున్న ‘త్రోబ్యాక్’ జెర్సీల వ్యాపారం దాదాపు అక్కడే మొదలైంది. ఆ రోజు మారింది చొక్కా ఒక్కటే కాదు. చేత్తో అంకెలు మార్చే స్కోర్‌బోర్డు తెచ్చి పెట్టారు. మైకులు కట్టేశారు, ఆర్గన్ ఆపేశారు. జనరల్ అడ్మిషన్ (సీటు నంబరు లేని) టికెట్ 50 సెంట్లు, పాప్‌కార్న్ 5 సెంట్లు. పాత రోజు చూపిస్తామన్నారు, ధరతో సహా చూపించారు.

ఆ తర్వాత వచ్చిన త్రోబ్యాక్ రోజుల్లో చొక్కా మిగిలింది, 50 సెంట్లు మాయమైంది. మా లేఖ దాని గురించే.

మేం డాలస్, బే ఏరియా, న్యూజెర్సీ, షికాగో చుట్టుపక్కల ఉంటున్న తెలుగు అభిమానులం. తెలుగులో ఎందుకు రాస్తున్నామంటే, ఈ డబ్బు కడుతున్న మిగతా తెలుగువాళ్లు కూడా చదవాలని. మీ దగ్గర అనువాదానికి మనుషులు ఎటూ ఉంటారు.

ముందు చొక్కా సంగతి చూద్దాం. 2019 దాకా ఆటగాళ్లు మైదానంలో వేసుకున్నది మెజెస్టిక్ కంపెనీ జెర్సీ. 2020 నుంచి పేరు నైకీది, కుట్టుపని ఫనాటిక్స్ అనే క్రీడా సరుకుల కంపెనీది. కుట్టే చోటు మాత్రం అదే. పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో మెజెస్టిక్ నడిపిన ఫ్యాక్టరీని, కంపెనీతో సహా ఫనాటిక్స్ 2017లోనే కొనేసింది. అందుకే మొదటి నాలుగేళ్లు ఛాతీ మీద నైకీ గుర్తు చూసి చిరాకు పడ్డవాళ్లు కూడా కుట్టులో వంక పెట్టలేకపోయారు. 2024లో ‘వేపర్ ప్రీమియర్’ అనే కొత్త నమూనా దింపారు. మూడు వందల మందికి పైగా ఆటగాళ్ల ఒళ్లు స్కాన్ చేసి కొలతలు తీశామన్నారు. బట్ట 25 శాతం ఎక్కువ సాగుతుందని, 28 శాతం తొందరగా ఆరుతుందని చెప్పారు. సాగడం, ఆరడం సరే. వీపు మీద పేరు మాత్రం పై వరస సీట్లలోంచి కనిపించనంత చిన్నదైపోయింది. బరువు తగ్గించాలని అక్షరాలు కుదించి, గాలాడటానికి వాటికి చిల్లులు పెట్టారు. తెల్ల ప్యాంటులోంచి లోపలికి దోపుకున్న చొక్కా అంచు కనిపించింది. బయటి ఊళ్లలో వేసుకునే బూడిద రంగు యూనిఫాంలో పైది ఒక ఛాయ, కిందిది ఇంకో ఛాయ. అల్లిక వేరైతే ఒకే రంగును రెండు బట్టలు ఒకేలా పట్టవని చీరాలలోనో పోచంపల్లిలోనో ఏ అద్దకం పనివాణ్ని అడిగినా చెబుతాడు. పైగా పలచటి బూడిద రంగు బట్ట చెమటకి తడిస్తే ముదురు మరకలు తేలతాయి. అవీ తేలాయి.

ఆ ఏప్రిల్ చివర్లో ఆటగాళ్ల సంఘం తన సభ్యులకు నోట్ పంపింది. తప్పు ఫనాటిక్స్‌ది కాదు, నైకీది అని అందులో తేల్చింది. పెద్ద అక్షరాలు, పాత రకం ప్యాంట్లు, కలిసే రంగులు 2025 సీజన్ మొదలయ్యేసరికి వచ్చేస్తాయని చెప్పింది. ఆటగాళ్ల వరకు సమస్య తీరింది. 2024లో ఆటగాళ్లు వేసుకునే రకమే కావాలని పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల అల్మరాలో మాత్రం చిన్న అక్షరాల చొక్కా ఉండిపోయింది. ఒక్క సీజన్ బతికిన ఆ నమూనాను ఇంకో ఇరవై ఏళ్లకు ‘అరుదైన 2024 నాటి జెర్సీ’ అని మళ్లీ అమ్మినా అమ్ముతారు. మీ మీద ఆ నమ్మకం మాకుంది.

పేర్లు పొడవైతే అక్షరాలు చిన్నవి కాక ఏం చేస్తాం అనే వాదన కూడా విన్నాం. జారడ్ సాల్టలమాకియా ఇంటిపేరు ఇంగ్లిషులో 14 అక్షరాలు. ఆయన ఆడే రోజులకి మేజర్ లీగ్ చరిత్రలో అంత పొడవు పేరు ఇంకొకటి లేదు. టెక్సస్ రేంజర్స్‌కి ఆడినప్పుడు ఆ పద్నాలుగూ వీపు మీద ఈ చంక నుంచి ఆ చంక దాకా వంపు తిప్పి నిండుగా కుట్టారు. అప్పట్లో పట్టిన పేరు ఇప్పుడెందుకు పట్టదు? (కస్టమ్ జెర్సీ ఫారంలో తెలుగువాళ్ల పేర్లు సగంలో తెగిపోవడం వేరే బాధ. వెంకట సత్యనారాయణలకు ఎక్కడైనా తప్పని బాధే కాబట్టి దాన్ని మీ ఖాతాలో వెయ్యడం లేదు.)

అసలు ఇబ్బంది ధర దగ్గర కాదు, ఆ ధరకి ఏం వస్తుందో చెప్పకపోవడం దగ్గర. రెప్లికా, లిమిటెడ్, ఆథెంటిక్ అని మూడు అంతస్తులు పెట్టారు. కింది మెట్టుకీ పై మెట్టుకీ మధ్య వందల డాలర్ల తేడా ఉంది. మీ అమ్మకం పేజీలో మూడింటి ఫొటోలూ ముందు నుంచే ఉంటాయి. చొక్కా నాణ్యత తెలిసేది వెనక నుంచి. జెర్సీ తిరగేసి అక్షరాల వెనక చూడాలి. దారం లోపలి దాకా వచ్చి వరుసగా కుట్లు కనిపిస్తే అది కుట్టిన ట్విల్ గుడ్డ. కుట్లు లేకుండా నున్నగా ఉంటే వేడి పెట్టి అంటించినది. అంటించినదాన్ని డ్రయ్యర్‌లో వేస్తే లోపలి జిగురు మెత్తబడి ముందు మూలలు లేస్తాయి, ఆ తర్వాత అంకె మొత్తం ఊడివస్తుంది. చన్నీళ్లలో, లోపలి వైపు బయటికి తిప్పి ఉతికి, నీడన ఆరెయ్యాలి. ఇస్త్రీ పెట్టె దాని దరిదాపులకు రానివ్వకూడదు. కుట్టినది ఇంకా మొండిగా నిలుస్తుంది గానీ కుట్టేటప్పుడు బట్టను బిగలాగి ఉంటే అక్షరాల చుట్టూ ముడతలు తేలతాయి, అవి ఎన్ని ఉతుకులకీ పోవు. ఇవన్నీ కొనేవాడు కొన్నాక తెలుసుకుంటున్నాడు. పేరు వేయించిన జెర్సీకి సాధారణంగా వాపసు ఉండదు కాబట్టి తెలుసుకుని చేసేదీ ఏమీ ఉండదు. మేం కోరేది చిన్నపని: అమ్మకం పేజీలో అక్షరాల వెనకవైపు ఫొటో ఒకటి, ‘కుట్టినది’ అనో ‘అంటించినది’ అనో ఒక్క మాట, ధర పక్కనే. ఆటలో వాడిన బంతికి, విరిగిన బ్యాటుకి నంబరున్న హోలోగ్రామ్ అంటించి అది ఏ మ్యాచ్‌దో చెప్పే పద్ధతి 2001 నుంచి నడుపుతున్నారు. వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మీకు చేతకాని పనేం కాదు.

ఇక న్యూయార్క్ యాంకీస్ జట్టు అభిమానులకు ప్రత్యేకంగా ఒక మాట. యాంకీస్ రోజువారీ యూనిఫాం మీద ఆటగాడి పేరు ఉండదు, నంబరే ఉంటుంది. అయినా దుకాణంలో వీపు మీద పేరున్న గీతల జెర్సీలు దర్జాగా అమ్ముడవుతున్నాయి. మైదానంలో ఉన్నది ఉన్నట్టు కావాలనుకుంటే పేరు వేయించకండి, ఆ డబ్బూ మిగులుతుంది.

2023 నుంచి చొక్కా చేతి మీద ప్రకటన బిళ్ల కూడా చేరింది. అది ఏ చేతి మీద ఉండాలన్నది కూడా కెమెరాయే తేలుస్తుంది. కుడిచేతి బ్యాటర్‌కి ఎడమ చేతి మీద, ఎడమచేతి బ్యాటర్‌కి కుడి చేతి మీద. బంతి విసిరేవాడి వెనక, సెంటర్ ఫీల్డ్‌లో ఉండే కెమెరాకి కనిపించేది ఆ భుజమే కాబట్టి. ఆ మొదటి సీజన్‌లో న్యూయార్క్ మెట్స్ బిళ్ల ఎర్ర రంగులో వచ్చింది. అది వాళ్ల బద్ధ శత్రువు ఫిలడెల్ఫియా రంగు. గోల చూసి యజమాని స్టీవ్ కోయెన్ మారుస్తామన్నారు, నీలం, నారింజలోకి మార్చారు కూడా. అభిమాని అరిస్తే రంగు మారుతుందని అప్పుడు తెలిసింది. ధర కోసం ఇంకా గట్టిగా అరవాలేమో.

టోపీ కథ వేరు. 1954లో మొదలైన న్యూ ఎరా వాళ్ల 59ఫిఫ్టీ టోపీయే 1993 నుంచి అన్ని జట్లకీ మైదానపు టోపీ. 2006 దాకా ఉన్ని, ఆ తర్వాత పాలియెస్టర్. లోపల నుదుటికి తగిలే పట్టీ అప్పుడే తెలుపు పోయి నలుపు అయింది, అంచు కింది బూడిద రంగూ నలుపైంది. దానికీ ముందు ఆ అంచు కింద ఆకుపచ్చ ఉండేది. ఇప్పుడు ‘పాత రకం’ అని ఎక్కువ ధరకి అమ్మే టోపీల్లో చాలా వాటి ప్రత్యేకత ఆ ఆకుపచ్చ గుడ్డ, ఉన్ని, అంతే. కొనేవాళ్లకి తెలియాల్సిన తేడా ఒకటుంది: ఉన్ని టోపీ వానలో తడిస్తే ముడుచుకుపోతుంది. ఇంట్లో ఎవరి సైజు 7 1/4 అయితే (చుట్టుకొలత ఇంచుమించు 57.7 సెంటీమీటర్లు) వాళ్లు ఉన్నిలో ఒక మెట్టు పైది, 7 3/8 తీసుకోవడం మేలు. పాలియెస్టర్‌కి ఆ భయం లేదు, సరిగ్గా తలకి పట్టేదే తీసుకోవాలి. ముందు భాగం లోపల గట్టిగా నిలబెట్టే బక్రమ్ గుడ్డ ఉంటుంది. వాషింగ్ మెషీన్‌లో వేస్తే అది నలిగి మళ్లీ నిలబడదు. పట్టీ వరకు సబ్బునీళ్లతో తుడిస్తే చాలు.

కొత్తదనం కోసం కొత్తదనం ఎలా బెడిసికొడుతుందో కూడా టోపీయే చూపించింది. 2025 ఆరంభంలో ఊరి పేరు మీద జట్టు గుర్తును అడ్డంగా అంటించిన వరుస ఒకటి తెచ్చారు. టెక్సస్ అనే అయిదు ఇంగ్లిషు అక్షరాల్లో నడిమి అక్షరాన్ని రేంజర్స్ వారి ‘టీ’ గుర్తు మూసేసింది. ఆ గుర్తుతో కలిపి చదివితే స్పానిష్‌లో నలుగురిలో అనలేని మాట. వెంటనే వెనక్కి తీసుకున్నారు. స్పానిష్ ఇంటిభాషగా ఉన్నవాళ్లు అంతమంది ఉన్న రాష్ట్రంలో, అమ్మకానికి పెట్టేలోపు ఒక్కరంటే ఒక్కరు దాన్ని పైకి చదివి చూడలేదా?

ఇప్పుడు పాత జ్ఞాపకాల వ్యాపారం ఎవరి చేతిలో ఉందో చూడండి. ఫిలడెల్ఫియాలో 1904లో పెట్టిన మిచెల్ అండ్ నెస్ అనే క్రీడాసామగ్రి దుకాణం ఉంది. 1980ల్లో దాని యజమాని పీటర్ కపొలీనో ఒక గోదాములో మూలనపడి ఉన్న పాత ఉన్ని ఫ్లానెల్ తానులు కనిపెట్టి, పాత జెర్సీలను అదే బట్టతో మళ్లీ కుట్టడం మొదలుపెట్టారు. ఫ్లానెల్ అంటే ఏమిటో కొత్తవాళ్లకి చెప్పాలి. 1970 జులైలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తమ కొత్త స్టేడియంలో డబుల్‌నిట్ (సాగే అల్లిక బట్ట) వేసుకునేదాకా పెద్ద లీగ్‌లో అందరూ ఎండాకాలం ఉన్ని చొక్కాల్లోనే ఆడారు. కపొలీనో పనిలో గొప్పంతా బట్టలో, దారంలో, అక్షరం వంపులో ఉంది. ఆ కంపెనీని 2022లో ఫనాటిక్స్, ఇంకొందరు పెట్టుబడిదారులు కలిసి కొన్నారు. అదే ఏడాది జనవరిలో 1952 నుంచి ఆటగాళ్ల బొమ్మలుండే బేస్‌బాల్ కార్డులకి మారుపేరైన టాప్స్‌ని కూడా ఫనాటిక్స్ కొంది. మీ అధికారిక ఆన్‌లైన్ దుకాణం నడిపేది కూడా వాళ్లే. అంటే ఇవాళ్టి చొక్కా, తాతల నాటి చొక్కా, పిల్లాడి చేతిలో కార్డు, వాటిని కొనే దుకాణం, నాలుగూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. పోటీ లేని చోట నాణ్యత మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? మీకే. అందుకే ఈ లేఖ మీకు.

ఇంకో సంగతి చాలామంది అభిమానులకి తెలియదు. స్టేడియంలోని సొంత దుకాణంలో తప్ప మిగతా చోట్ల అమ్ముడైన లైసెన్సు సరుకు మీద వచ్చే రుసుము ఏ జట్టు సరుకైనా ముప్పై జట్లకీ సమానంగా వెళుతుంది. యజమాని మీద కోపంతో ఆన్‌లైన్‌లో ఆ జట్టు టోపీ కొనడం మానేస్తే ఆయనకి తగిలే దెబ్బ ముప్పయ్యో వంతు. తగలాలంటే స్టేడియం గేటు దగ్గర తగలాలి.

ఈ లెక్క ఓక్లాండ్ అభిమానులకి బాగా తెలుసు. ఫ్రీమాంట్‌లో, యూనియన్ సిటీలో స్థిరపడ్డ తెలుగువాళ్లకి ఏదైనా జట్టు సొంతం అనిపించిందంటే అది ఓక్లాండ్ ఏస్ (అథ్లెటిక్స్). బార్ట్ రైలెక్కి కొలీజియం స్టేషన్‌లో దిగి వంతెన మీదుగా నడిచిపోతే గేటు. ఒక దశలో ఆ జట్టు ఫ్రీమాంట్‌లోనే స్టేడియం కడతామని 2006లో ప్రకటించి, 2009లో విరమించుకుంది కూడా. 2023 జూన్ 13న, జట్టును ఊరి నుంచి తీసుకుపోవద్దని, అక్కడ జరిగింది ‘తిరగేసిన బహిష్కరణ’. టికెట్లు కొనకుండా కాదు, కొని నిండుగా వచ్చి నిరసన తెలపడం. 27,759 మంది వచ్చారు. అభిమానులే అచ్చు వేయించి పంచిన ఆకుపచ్చ టీషర్టు మీద యజమానికి చెప్పాల్సిన నాలుగు ఇంగ్లిషు అక్షరాలు: అమ్మెయ్ అని. లైసెన్సు లేని, ధర లేని ఆ టీషర్టు కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ అనే బేస్‌బాల్ మ్యూజియానికి చేరింది. మీ సరుకుల విభాగం ఇన్నేళ్లలో తయారుచేసిన వాటిలో ఎన్నింటికి ఆ గౌరవం దక్కింది?

2024 సెప్టెంబర్ 26న అక్కడ ఆఖరి ఆట. 46,889 మంది. రేంజర్స్ మీద 3-2తో గెలిచి సెలవు తీసుకున్నారు. ఇప్పుడు ఆ జట్టు వెస్ట్ శాక్రమెంటోలో, సుమారు 14,000 మంది పట్టే మైనర్ లీగ్ మైదానంలో, ఊరి పేరు లేకుండా ఉత్త ‘అథ్లెటిక్స్’ అని ఆడుతోంది. ఖాళీ అయిన కొలీజియంలో 2025 జూన్‌లో మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ మొదలైంది. డాలస్ వైపు గ్రాండ్ ప్రెయిరీలోనూ అంతే. ఎయిర్‌హాగ్స్ అనే చిన్న బేస్‌బాల్ జట్టు మైదానాన్ని క్రికెట్ స్టేడియంగా మార్చారు. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని ఓడించింది అక్కడే. మా వాళ్ల వేసవి సాయంత్రాలకి పోటీ వచ్చిందని చెప్పడానికే ఈ ప్రస్తావన. ఓక్లాండ్ అని రాసున్న టోపీ మాత్రం ఇకముందు ‘కూపర్స్‌టౌన్ కలెక్షన్’ అనే పాత నమూనాల వరుసలో అమ్ముడవుతూనే ఉంటుంది. 2004 తర్వాత మాంట్రియల్ నుంచి జట్టు వెళ్లిపోయినా ఎక్స్‌పోస్ టోపీ ఇప్పటికీ అమ్ముడవుతున్నట్టే. జట్టును ఊరి నుంచి తీసేసి, ఆ ఊరి జ్ఞాపకాన్ని ఆ ఊరివాళ్లకే టోపీగా అమ్మడం మాకు మింగుడుపడటం లేదు.

అదే ఓక్లాండ్ 2018 ఏప్రిల్ 17న ఇంకో పని చేసింది. ఊళ్లో మొదటి ఆట జరిగి యాభై ఏళ్లయిన సందర్భంగా టికెట్లు ఉచితంగా ఇచ్చింది. 46,028 మంది వచ్చారు. ఎదురు జట్టు, కాకతాళీయంగా, 50 సెంట్ల టికెట్ ఇచ్చిన వైట్ సాక్సే. పాత జ్ఞాపకానికి పాత ధర కలిపితే స్టేడియం నిండుతుందని ఇంతకంటే రుజువేం కావాలి?

టికెట్ ధర రోజురోజుకీ మారడం 2009లో శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ సుమారు రెండు వేల సీట్లతో మొదలుపెట్టారు, మరుసటేడు స్టేడియం మొత్తానికి పాకించారు. తర్వాత అందరూ అదే దారి పట్టారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్లే ప్రైవేటు బస్సు టికెట్ ఎలా పెరుగుతుందో తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. కాకపోతే బస్సు ధర పండగ వెళ్లాక మళ్లీ దిగుతుంది. మీ దగ్గర దిగడానికి ఒక అడ్డుకట్ట ఉంది. సీజన్ టికెట్ కొన్నవాళ్లు గొడవ చేస్తారని, విడి టికెట్‌ని వాళ్లు కట్టిన ధర కంటే కిందికి పోనివ్వరు. అందుకే మంగళవారం రాత్రి పై అంతస్తు సగం ఖాళీగా ఉన్నా అధికారిక ధర కదలదు. అదే సీటు మారుబేరపు యాప్‌లో ఆట మొదలయ్యే ముందు చవకగా దొరుకుతుంది. తగ్గిన ధర దొరకాలంటే అభిమాని మీ దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర కొనాలి. ఇది మీకు మాత్రం ఏం లాభం?

దించలేమంటే నమ్మలేం. 2009లో కొత్త యాంకీ స్టేడియం తెరిచిన నెలలోనే, ఒక్కోటి 2,500 డాలర్ల సీట్లు హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక ఖాళీగా టీవీలో కనిపించేసరికి, ఏప్రిల్ చివర్లో కొన్నింటి ధర సగానికి సగం కోశారు. సిగ్గుపడితే దిగుతుందన్నమాట.

అదనపు రుసుముల విషయంలో కొంత మేలు జరిగింది, మీ వల్ల కాదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది. రుసుములన్నీ కలిపిన మొత్తం ధరను మొదటి తెరమీదే చూపించాలి. చివరి మెట్టులో ‘సౌకర్య రుసుము’ ప్రత్యక్షమయ్యే మాయ పోయింది, రుసుము మాత్రం పోలేదు. చాలా స్టేడియాల్లో బాక్సాఫీసు కిటికీ దగ్గరికెళ్లి కొంటే ఆ ఆన్‌లైన్ రుసుము పడదు. కుటుంబంతో వెళ్లే మన వాళ్లు ఈ ఒక్క పని చేసినా మిగులుతుంది. బడులున్న రోజుల్లో, అంటే ఏప్రిల్, మే నెలల సోమ, మంగళ, బుధవారాలు ఎంచుకోండి. యాంకీస్, డాడ్జర్స్ వస్తున్న వారాంతం వదిలేయండి. ఆ పేర్లు కనబడగానే ధర పెంచేలా యంత్రం అమర్చి ఉంటుంది. లోపల తిండి ధర చూసి జడిసేవాళ్లకి: చాలా మైదానాల్లో బయటి తిండి, సీలు తియ్యని నీళ్ల సీసా తీసుకెళ్లనిస్తారు. పారదర్శకమైన గ్యాలన్ జిప్‌లాక్ సంచిలో పులిహోర నిక్షేపంగా పడుతుంది. స్టీలు డబ్బా మాత్రం గేటు దగ్గర ఆపే అవకాశం ఉంది. వెళ్లేముందు ఆ మైదానం నిబంధనల పేజీ చూసుకోవాలి.

కుటుంబం ఒక ఆటకి వెళ్తే ఎంతవుతుందో లెక్కగట్టడానికి టీమ్ మార్కెటింగ్ రిపోర్ట్ అనే ప్రచురణ 1990ల ఆరంభం నుంచి ఒక బుట్ట వాడుతోంది: నాలుగు టికెట్లు, నాలుగు హాట్‌డాగ్‌లు, కూల్‌డ్రింకులు, రెండు బీర్లు, పార్కింగ్, రెండు టోపీలు. గమనించండి, టోపీలు ఆ బుట్టలోనే ఉన్నాయి. టికెట్‌నీ సరుకునీ అభిమాని వేర్వేరుగా చూడడు. ఇంటి నుంచి బయల్దేరేముందు వేసుకునే లెక్కలో రెండూ ఒకే అంకె. మీ కార్యాలయంలో మాత్రం అవి రెండు విభాగాలు, ఒకరి ఫైలు ఇంకొకరు చూడరు.

కాగితం టికెట్ పోయింది. 2020 తర్వాత దాదాపు అంతా ఫోన్‌లోనే. మారుతూ ఉండే బార్‌కోడ్ కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే గేటు తెరుచుకోదు. సిగ్నల్ లేక వరసలో నిలబడిపోకుండా ముందే ఫోన్ వాలెట్‌లో వేసుకోవాలి. దొంగ టికెట్లు తగ్గాయి, ఒప్పుకుంటాం. కానీ 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ మొదటిసారి ఆడిన రోజు చింపిన టికెట్ ముక్క 2022 వేలంలో 4,80,000 డాలర్లు పలికింది. ఎవరో దాన్ని డెబ్బై అయిదేళ్లు దాచారు. ఇవాళ్టి ఆటకి వచ్చినవాడికి దాచడానికి ఏముంది? కొన్ని జట్లు ఇప్పుడు ‘జ్ఞాపిక టికెట్’ అని అచ్చువేసి విడిగా డబ్బు తీసుకుంటున్నాయి. అంటే మనం కొన్న టికెట్‌ని మళ్లీ కొనాలి.

హెరిటేజ్ రాత్రుల గురించి ఒక్క ముక్క. భారతీయుల పేరిట, దక్షిణాసియా పేరిట కొన్ని జట్లు పెట్టే ప్రత్యేక రాత్రులకి ఇచ్చే టోపీనో జెర్సీనో ప్రత్యేక లింకులో కొన్నవాళ్లకే ఇస్తారు. మామూలు టికెట్‌తో వచ్చినవాళ్లు గేటు దగ్గర వాదించి లాభం లేదు. ఇచ్చే జెర్సీ కూడా చాలాసార్లు ఎక్స్‌ఎల్ ఒక్కటే సైజు. ఆరేళ్ల పిల్లకి నైటీలా ఉంటుంది.

ఇక మా కోరిక, లెక్కతో సహా. ‘నాలుగు ప్లస్ ఒకటి’ నిబంధన వల్ల ఒక్కో జట్టుకి నాలుగు యూనిఫాంలు, ఊరి పేరిట చేసే ‘సిటీ కనెక్ట్’ యూనిఫాం ఒకటి. అందులో ఇమిడే పాత డిజైన్ రోజులు ఏడాదికి ఆరు అనుకుందాం. ఆ ఆరు రోజులూ పై అంతస్తులో వెయ్యి సీట్లు పక్కన పెట్టండి. ఆ యూనిఫాం ఏ ఏడాదిదైతే ఆ ఏడాది జనరల్ అడ్మిషన్ టికెట్ మీద అచ్చయిన ధరకే అమ్మండి. టెక్సస్ రేంజర్స్ సొంత మైదానం, ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో సుమారు 40,300 సీట్లు, 81 సొంత ఆటలు, అంటే ఏడాదికి ముప్పై రెండు లక్షల అరవై వేల పైచిలుకు సీట్లు. మేం అడిగేది ఆరు వేలు. వెయ్యికి రెండు సీట్లు కూడా కాదు.

చవక టికెట్ పెడితే బాట్లు (తమంతట తామే టికెట్లు కొనేసే కంప్యూటర్ ప్రోగ్రాములు) ఊడ్చేస్తాయని మీ విభాగం అంటుంది. అంటుందని తెలిసే పద్ధతి కూడా రాస్తున్నాం. ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. ఆట రోజే, కిటికీ దగ్గరే, మనిషికి నాలుగు మించకుండా, ఆ నలుగురూ ఎదురుగా ఉంటేనే అమ్మండి. కొన్నవాళ్లని చేతికి పట్టీ కట్టి అప్పుడే లోపలికి పంపెయ్యండి. న్యూయార్క్, కొలరాడో వంటి రాష్ట్రాల చట్టాలు టికెట్ బదిలీని ఆపనివ్వవని అభ్యంతరం చెబుతారేమో. లోపలికి వెళ్లిపోయిన మనిషి టికెట్ ఎవరికి బదిలీ చేస్తాడు? సీటు నంబరు ఇవ్వకండి, ఆ సెక్షన్‌లో ముందొచ్చినవాళ్లకి ముందు సీటు. కిటికీ దగ్గర ఎటూ కాగితం ముద్రించే యంత్రం ఉంటుంది, తేదీ, ఎదురు జట్టు పేరు వేసి ఒక ముక్క ఇవ్వండి, అదనంగా ఏమీ తీసుకోకుండా.

తిండి కూడా చవగ్గా పెట్టమంటే ఫిలడెల్ఫియా జట్టు చెప్పిన కారణం చెబుతారేమో, అది మాకూ తెలుసు. డాలర్‌కి హాట్‌డాగ్ రోజున 2023లో జనం వాటిని విసురుకున్నారని, 2024లో ఆ రోజులే తీసేసి ఒకటి కొంటే ఒకటి ఉచితం పెట్టారు. మనిషికి రెండే అని పరిమితి పెట్టి ఉంటే సరిపోయేది. అయిదు సెంట్ల పాప్‌కార్న్ ఎవరూ విసరరు, విసిరినా దెబ్బ తగలదు.

ఇంకా: నమూనాలో లోపం ఉందని మీరే ఒప్పుకుని మార్చినప్పుడు, పాతది కొన్నవాళ్లకి వీపు మీది పేరు మార్చే ఖర్చు వరకే తీసుకుని సరైన అక్షరాలు కుట్టి ఇవ్వండి. స్టేడియం దుకాణాల్లో పేర్లు వేసే యంత్రాలు ఎటూ ఉన్నాయి.

వచ్చే సీజన్ త్రోబ్యాక్ తేదీలు ప్రకటించే రోజే ఆ వెయ్యి సీట్లు ఏ సెక్షన్‌లోనో, కిటికీ ఎన్నింటికి తెరుస్తారో కూడా ప్రకటించండి. ఆర్లింగ్టన్‌కి రూట్ బస్సు లేదు కాబట్టి ఆ రోజుల పార్కింగ్ ధర కూడా అదే పేజీలో వెయ్యండి.

ఇట్లు,
అమెరికాలోని తెలుగు బేస్‌బాల్ అభిమానులు